ఇంటివద్ద చదువు: ప్రత్యేకావసరములు గల బిడ్డల బోధనసామగ్రిని అమర్చుకొను విధము

కొందరు బిడ్డలు తోటివారివలె దినమంతయు బడిలో కూర్చుండజాలరు. మెడ నిలువకయు, కాలుసేతులు స్వాధీనమునందు లేకయు కొందరు. మాట రాక, క్రొత్త చోటును క్రొత్త ముఖములను సహింపలేక కొందరు. మూర్ఛలు తరచుగా వచ్చుటచేత కొందరు. ఒక్క పాఠమునే నూరుసార్లు చెప్పినగాని గ్రహింపలేక కొందరు ఇంటనే యుండవలసివచ్చును. వారమునకు రెండుమూడు దినములు బడికి పోయి, తక్కిన దినములు తల్లివద్దనే నేర్చుకొనువారును కలరు. అట్టి బిడ్డకు ఇంటిలో నేర్పుటకు ఏ వస్తువులు కావలెను, వానిని ఎచట ఉంచవలెను, ఎట్లు తీసి ఎట్లు సర్దవలెను అనునది ఈ పాఠమున చెప్పబడును.

ఇది అల్పవిషయమని తోచవచ్చును. కాని ఇంటి చదువు చెడిపోవు తీరును పరిశీలించినచో, తల్లికి నేర్పుట చేతగాక చెడిపోవుట అరుదు. బిడ్డ చాపమీద కూర్చుండియుండును. పూసల డబ్బా దొరకదు. డబ్బా దొరకుసరికి దారము కానరాదు. దారము తెచ్చుసరికి బిడ్డ లేచి పోయియుండును, లేదా ఏడ్చుచుండును. మనసు పది నిమిషములకు మించి నిలువని బిడ్డకు ఆ పది నిమిషములును వెదకులాటకే చెల్లినచో ఆ పూట చదువు ముగిసినట్లే. ఇట్లు నాలుగు దినములు జరిగిన పిమ్మట తల్లి విసిగి, "వీనికి రాదు" అని నిశ్చయించుకొనును. నిజమునకు బిడ్డకు పాఠమే అందలేదు.

చట్టము చెప్పునది

2009 నాటి బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టమును 2012లో సవరించినపుడు, తీవ్రవైకల్యము గాని బహువిధ వైకల్యములు గాని గల బిడ్డకు ఇంటివద్దనే విద్య పొందుటను ఎన్నుకొను హక్కు కలదని చేర్చిరి. ఎన్నుకొనువారు బిడ్డయు తల్లిదండ్రులును, బడివారు కారు. "మీ బిడ్డను ఇంటనే ఉంచుకొనుడు" అని త్రిప్పిపంపుటకు ఆ సవరణను ఆధారముగా చూపరాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, నూటికి 40 వంతులు గాని అంతకు మించి గాని వైకల్యము నిర్ధారింపబడిన 6 నుండి 18 ఏండ్ల బిడ్డకు సమీపమందలి బడిలోనైనను, తాను కోరిన ప్రత్యేక పాఠశాలలోనైనను ఉచితముగా చదువుకొను హక్కు కలదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములందు మండలములలోని భవిత కేంద్రముల ప్రత్యేకోపాధ్యాయులు, ఇల్లు కదలలేని బిడ్డల యిండ్లకు పోయి నేర్పుదురు. అట్టి ఉపాధ్యాయుడు వచ్చునది ఏదో యొక దినమున, కొంతసేపు మాత్రమే. తక్కిన దినములందు పాఠము నడపవలసినది ఇంటివారు. కావున ఉపాధ్యాయుడు వచ్చిన దినమున ఆయన చేత క్రొత్త పనిని చేయించి చూచి, ఆ పనికి కావలసిన వస్తువులను ఆయన ఎదుటనే ఒక పెట్టెలో చేర్చుకొనుట మంచిది. "చూచితిమి, నేర్పుదుము" అని విడిచినచో రెండవనాటికి సగము మరపునకు వచ్చును.

ఈ సామగ్రి ఎచట పుట్టినది

చేతికి వస్తువు నిచ్చి బుద్ధికి పని కల్పించు పద్ధతి క్రొత్తది కాదు. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమందు ఇటార్ అను వైద్యుడును, ఆయన అడుగుజాడల నడచిన సెగ్వీన్ అను వైద్యుడును, నాటివారు బుద్ధిహీనులని విడిచివేసిన బిడ్డలకొరకు ఇట్టి సాధనములను కల్పించిరి. చెక్కపలకలో గుండ్రము, చతురస్రము, నక్షత్రము మొదలగు ఆకారముల గుంటలు తొలిచి, వానికి సరిపోవు చెక్కముక్కలను అమర్చిన సెగ్వీన్ పలకను మన దేశమందలి మనస్తత్వ పరీక్షకులు ఇప్పటికిని బిడ్డల శక్తిని అంచనా వేయుటకు వాడుచున్నారు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1900 ప్రాంతమున రోము నగరములో అట్టి బిడ్డలకు బోధించుచు, ఈ సాధనములను మెరుగుపరచెను. 1907లో సాధారణ బాలలకై బాలగృహమును తెరచినపుడు వానినే వాడెను. ఆమె 1939లో మద్రాసు నగరమందలి అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి అనేకులకు శిక్షణ నొసంగెను. నేడు ఖరీదైన బడులలో అలమరల నిండ కానవచ్చు చెక్కసామగ్రికి మూలము, బడులు త్రోసివేసిన బిడ్డల చేతులలోనే యున్నదన్నమాట.

ఆ పద్ధతిలో రెండు సంగతులు మన యింటికి పనికివచ్చును. ఒకటి, ప్రతి వస్తువునకు ఒకే చోటు. బిడ్డయే అచటినుండి తీసి, మరల అచటనే పెట్టవలెను. రెండు, తప్పు జరిగినపుడు ఆ సంగతిని వస్తువే చెప్పవలెను. పెద్ద మూత చిన్న డబ్బాకు పట్టదు. తల్లి "కాదు, కాదు" అని అననక్కరలేదు. దినమునకు నూరుసార్లు "కాదు" అను మాట వినుటచేతనే కొందరు బిడ్డలు వస్తువును ముట్టుటకు భయపడుదురు.

చాప, బుట్టలు

పాఠమునకు వేరు గది అక్కరలేదు. ఒకే గది గల యింటిలో ఒక మూల చాలును. ఆ మూలలో బిడ్డ గోడవైపునకు తిరిగి కూర్చుండవలెను. వీథివైపునకు గాని, టెలివిజనువైపునకు గాని ముఖము పెట్టి కూర్చుండరాదు. తిరుగుచున్న పంకాను గంటలకొలది చూచుచుండు బిడ్డను దానిక్రింద కూర్చుండబెట్టి "పుస్తకము చూడు" అనుట వ్యర్థము. చాప ఒకే చాపగా ఉండవలెను. అది పరచినచో చదువు, చుట్టినచో ఆట అని బిడ్డకు కొలది వారములలో తెలియును. మాట అర్థము కాని బిడ్డకును చాప అర్థమగును.

ఆటిజము గల బిడ్డల బోధనలో అమెరికా దేశమందలి ఉత్తర కరోలినా రాష్ట్రమున ఎరిక్ షోప్లర్ అను పండితుడు 1972లో రాష్ట్రవ్యాప్తముగా నెలకొల్పిన టీచ్ అను కార్యక్రమము ఒక చక్కని ఏర్పాటును ప్రచారమునకు తెచ్చినది. బిడ్డకు ఎడమవైపున చేయవలసిన పనుల బుట్టలు, ఎదుట పని చేయుచోటు, కుడివైపున ముగిసిన పనుల బుట్ట. బిడ్డ ఎడమనుండి ఒక బుట్టను తీసికొని, పనిచేసి, కుడివైపున పెట్టును. ఎడమవైపు ఖాళీ అయినచో పాఠము ముగిసినది. ఏ పని చేయవలెను, ఎంత చేయవలెను, ఎప్పుడు ముగియును, పిమ్మట ఏమి వచ్చును అను నాలుగు ప్రశ్నలకు మాట లేకయే సమాధానము దొరకుచున్నది. ఇట్టి బిడ్డల అల్లరిలో చాలవరకు, ఇది ఎప్పటికి ముగియునో తెలియకపోవుటచేత పుట్టునదే. పిమ్మట వచ్చునది బిడ్డకు ఇష్టమైనదిగా ఉండవలెను: ఒక ఉయ్యాల ఊపు, ఒక బెల్లపుముక్క, అరుగుమీద కొంతసేపు.

మూడు బుట్టలతో ఆరంభింపవలెను. వెదురుబుట్టలు, బిస్కట్టు డబ్బాలు, మిఠాయి అట్టపెట్టెలు ఏవైనను సరియే; గాని మూడును ఒకే పరిమాణములో ఉన్నచో వరుస స్పష్టముగా కనబడును. చూపుమేరలో ఆ మూడు మాత్రమే ఉండవలెను. తక్కిన సామగ్రి అంతయు అటకమీదనో, మంచముక్రింద పెట్టెలోనో, గూటిలో తెరచాటుననో ఉండవలెను. వారమునకు ఒకసారి మూడింటిలో ఒకదానిని మాత్రము మార్చవలెను. మూడును ఒకేసారి మార్చినచో బిడ్డ కలవరపడును; ఏదియు మార్చనిచో విసుగు పుట్టును.

డబ్బాలమీద పేరు వ్రాయుట పెద్దలకు ఉపయోగము. బిడ్డకు ఉపయోగపడవలెనన్నచో లోపలి వస్తువునే మూతమీద అతికింపవలెను: గుండీల డబ్బామీద గుండీ, పూసల డబ్బామీద పూస. చూపు మందమైన బిడ్డయు తడిమి తెలిసికొనగలడు. ఊడిరాకుండునట్లు దారముతో కుట్టియో, తీగెతో బిగించియో ఉంచవలెను.

వంటింటి వస్తువులు

అంగడిలో అమ్ము బోధనసామగ్రికై అప్పు చేయు తల్లిదండ్రులు కలరు. అది అనవసరము, పలువురి విషయమున నష్టము కూడ. అంగడిపెట్టెలో రంగు, ఆకారము, పరిమాణము అన్నియు ఒకేసారి మారుచుండును. బిడ్డ దేనిని గమనింపవలెనో తెలియక తికమకపడును. అంతేగాక, ప్లాస్టిక్ పండును "అరటిపండు" అని గుర్తించిన బిడ్డ నిజమైన అరటిపండును చూచి ఊరకుండుట కలదు. ఇట్టి బిడ్డలకు ఒకచోట నేర్చినది మరియొకచోటికి సులభముగా పోదు. కావున ఏ వస్తువుతో బ్రతుకవలెనో ఆ వస్తువుతోనే నేర్పుట మేలు.

వంటింటిలో ఉన్న గిన్నెలను చూడుడు. ఒకదానిలో నొకటి ఇముడు అయిదు గిన్నెలు చిన్న, పెద్ద అను భేదమును ఏ చెక్కదిమ్మెలకంటెను బాగుగా నేర్పును. సోల, తవ్వ మొదలగు పాత కొలపాత్రలు అటకమీద ఉన్నచో దింపుడు; ఇన్ని సోలలైనచో తవ్వ నిండునని బియ్యము పోసి చూచుటయే లెక్క. సీసాలును మూతలును కలిపి పోసి, దేనికేది పట్టునో త్రిప్పి బిగించుట మణికట్టునకు పని. బట్టలకు పెట్టు క్లిప్పులను డబ్బా అంచున వరుసగా గుచ్చుట బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని బలము నిచ్చును. అదియే బలపము పట్టుటకు పునాది. బోర్లించిన జల్లెడ రంధ్రములలో చీపురుపుల్లలను దూర్చుట కంటికిని చేతికిని పొందిక కలిగించును. శనగలును బొబ్బర్లును కలిపి, రెండు గిన్నెలలోనికి ఏరుట జతపరచుటకు మొదటి పాఠము. నాలుగు కంచములు పెట్టి ఒక్కొక్కదానికి ఒక్కొక్క గ్లాసు పెట్టించుట, అంకెలు రాని బిడ్డకు అంకెల తెలివి కలుగుటకు మార్గము. డబ్బు నేర్పునపుడు నిజమైన నాణెములనే వాడవలెను. బొమ్మనాణెములు అంగడిలో చెల్లవు.

గుండీలు పెట్టుకొనుట నేర్పుటకు తండ్రి పాత చొక్కాను ఒక చెక్కకు తొడిగి మేకులు కనబడకుండ బిగింపవచ్చును. ఇందు ఒక ఉపాయము కలదు. మొదట తల్లియే గుండీని కాజాలో మూడువంతులు దూర్చి, చివరి లాగుడు మాత్రము బిడ్డకు విడువవలెను. అది వచ్చిన పిమ్మట సగము, ఆ పిమ్మట మొత్తము. ఇట్లు చివరినుండి వెనుకకు నేర్పినచో ప్రతిసారియు పని ముగించినవాడు బిడ్డయే యగును.

వయసును మరువరాదు. పదునాలుగేండ్ల బాలునికి నేర్పవలసినది మూడేండ్ల బిడ్డ పాఠమే కావచ్చును. కాని అతని ముందు గిలకబొమ్మ పెట్టరాదు. రంగుపూసలకు బదులు బోల్టులు, నట్లు ఏరింపవచ్చును, ఉల్లిపాయలు చిన్నవి పెద్దవి వేరుచేయింపవచ్చును, తువాళ్లు మడతపెట్టింపవచ్చును. పాఠము అదియే. చూచువారు మాత్రము పని చేయుచున్న బాలుని చూతురు.

మేధోవైకల్యము గల బిడ్డలకై తయారైన బోధనసామగ్రి పెట్టెలు ఉచితముగా దొరకు మార్గము కూడ కలదు. 1984లో సికిందరాబాదులోని మనోవికాసనగరులో స్థాపింపబడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నేడు జాతీయ మేధో దివ్యాంగజన సాధికారిత సంస్థ అను పేర నడచుచున్నది. కేంద్రప్రభుత్వము 1981లో ఆరంభించిన సహాయోపకరణముల పథకము క్రింద ఇట్టి సంస్థలు జరుపు శిబిరములలో అర్హులైన బిడ్డలకు ఈ పెట్టెలు ఇయ్యబడుచున్నవి. పెట్టె వచ్చినచో సంతోషమే. కాని వచ్చిననాడే అన్నియు చాపమీద క్రుమ్మరింపరాదు. అందుండి ఒకటిరెండు మాత్రము బుట్టలలోనికి తీసి, తక్కినవి అటకమీదికి పంపవలెను.

మాటరాని బిడ్డకు బొమ్మలు

మాటరాని బిడ్డ తన కోరికను తెలుపుటకు వస్తువులును బొమ్మలును మాటకు బదులు పనిచేయును. ఇందు మెట్లు కలవు. మొదట వస్తువే: గ్లాసు నందించినచో దాహము. పిమ్మట ఆ గ్లాసు ఫొటో. అది అంగడిలో అమ్ము పటములోని గ్లాసు కాక, ఆ యింటి గ్లాసు ఫొటోయే కావలెను. ఆ పిమ్మట గీతబొమ్మ, చివరకు వ్రాసిన మాట. ఏ మెట్టుమీద బిడ్డ నిలిచినాడో చూచి అచటనే మొదలిడవలెను. చిత్రములు వాడినచో మాట రాకుండపోవునను భయము నిరాధారము.

ఈ కార్డులు ఏ పెట్టెలోనో దాచినచో ప్రయోజనము లేదు. నోటిని పెట్టెలో పెట్టి తాళము వేసినట్లే యగును. దాహపు కార్డు నీళ్లకుండవద్ద, మరుగుదొడ్డి కార్డు ఆ తలుపువద్ద, బిడ్డ చేయి అందు ఎత్తున వ్రేలాడవలెను. మిక్కిలి కావలసిన నాలుగింటిని చిన్న తీగెచుట్టకు గ్రుచ్చి బిడ్డ నడుమునకో, చక్రముల కుర్చీకో తగిలింపవచ్చును. పాత క్యాలెండరు అట్టలమీద అతికించి, పారదర్శకమైన టేపును రెండువైపుల అంటించినచో వానకాలపు చెమ్మకును, చొంగకును చెడిపోవు. ప్రతి కార్డునకు రెండవ ప్రతి తప్పక ఉండవలెను. ఒక్క కార్డు పోయినందుచేత బిడ్డ మరల మూగవాడు కారాదు.

శరీరమునుబట్టి మార్పులు

సెరిబ్రల్ పాల్సీ అనబడు మస్తిష్క పక్షవాతము గల బిడ్డకు సామగ్రికంటె ముందు కూర్చుండుచోటు కావలెను. పిరుదులు వెనుకకు ఆని, మోకాళ్లు వంగి, పాదములు పూర్తిగా నేలకో పీటకో ఆనవలెను. దేహము ఒరిగిపోవుచున్నంతసేపు చేతులు దానిని పట్టుకొనుటకే చాలును, పనికి మిగులవు. గోడమూలలో రెండుప్రక్కల దిండ్లు పెట్టి, ఎదుట మోచేతుల యెత్తున చెక్క నమర్చుట పేదయింటిలోనైనను సాధ్యమే. పళ్లెముక్రింద తడిగుడ్డ వేసినచో జారదు. పెన్సిలునకు, చెంచాకు సైకిలు ట్యూబుముక్కను చుట్టినచో పట్టు దొరకును. ఒకవైపు చేయి మాత్రమే ఆడు బిడ్డకు బుట్టలు ఏ ప్రక్కన పెట్టవలెనో ఫిజియోథెరపిస్టు నడిగి పెట్టవలెను.

చూపు మందమైన బిడ్డకు నల్లని పళ్లెములో మరమరాలు, తెల్లని పళ్లెములో చింతగింజలు పెట్టిన కనబడును. వెలుతురు వెనుకనుండి వస్తువుమీద పడవలెనేగాని కంటిలో పడరాదు. వినికిడియంత్రము గల బిడ్డకు ఆ యంత్రమును రాత్రివేళ పెట్టుటకు మూత గల పొడి డబ్బా ఒకటి, బ్యాటరీలకు తాళము గల మరియొకటి కావలెను. తాళము ఎందులకో క్రింద చెప్పబడును.

అపాయము కలిగించు వస్తువులు

మూడేండ్లలోపు బిడ్డకును, ఏ వయసువాడైనను వస్తువులను నోట పెట్టుకొను బిడ్డకును గింజలు, పూసలు, గుండీలు ఒంటరిగా ఇయ్యరాదు. మూడు సెంటీమీటర్ల వెడల్పునకు లోబడిన ప్రతి వస్తువును గొంతున పడగలదని తలంచి నడచుకొనవలెను. అట్టి బిడ్డకు ఏరుటకు గింజలకు బదులు క్లిప్పులు, చెంచాలు, నిమ్మకాయలు ఇయ్యవచ్చును. వస్తువు గొంతున పడి, దగ్గు ఆగి, ఊపిరి అందనిచో బిడ్డను ముందునకు వంచి, వెన్నుపై రెక్కల నడుమ అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచవలెను. అప్పటికిని రానిచో, ఏడాది దాటిన బిడ్డకు వెనుకనుండి బొడ్డుకు పైన పిడికిలి నుంచి అయిదుసార్లు లోనికిని పైకిని నొక్కవలెను. ఏడాదిలోపు బిడ్డకు పొట్టను నొక్కరాదు, రొమ్ముఎముకపై నొక్కవలెను. వస్తువు వచ్చువరకు ఈ రెంటిని మార్చి మార్చి చేయుచుండగా ఒకరు 108కి ఫోను చేయవలెను.

గుండీ బ్యాటరీ గింజలకంటె ప్రమాదకరము. శబ్దము చేయు బొమ్మలలోను, వినికిడియంత్రములలోను ఉండు ఈ చిన్న బిళ్ల అన్నవాహికలో చిక్కినచో రెండు గంటలలోనే అచట తీవ్రముగా కాల్చగలదు. మ్రింగినాడన్న అనుమానము కలిగిన చాలును. వాంతి చేయించుటకు ప్రయత్నింపక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. అయస్కాంతపు పూసలును ఇట్టివే. రెండు మ్రింగినచో పేగులను నడుమ బిగించి చిల్లులు పెట్టును.

పాత రంగుబొమ్మలలో సీసము ఉండవచ్చును. గృహోపయోగమునకు తయారగు రంగులలో సీసము పదిలక్షలకు 90 వంతులకు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందటి బొమ్మలకు ఆ భరోసా లేదు. సీసము మెదడును దెబ్బతీయును. లక్కతోను సహజమైన రంగులతోను చేసిన ఏటికొప్పాక బొమ్మలు నోటబెట్టు బిడ్డకును నయము. కొండపల్లి బొమ్మ మాత్రము చూచుటకు. అది గూటిపైననే యుండుగాక.

మందుల పెట్టె

మందులను బోధనసామగ్రితో ఎన్నడును కలుపరాదు. డబ్బా తెరచి వస్తువు తీయుట నేర్చిన బిడ్డ మందుల డబ్బాను కూడ తెరచును. అది మన పాఠముయొక్క ఫలితమే. తాళము గల పెట్టె, పెద్దల తలకు పైయెత్తున ఉండవలెను.

మూర్ఛ మందు వారము దినములకు మిగిలియుండగనే మరల తెచ్చుకొనవలెను. ఆ మందు ఒక్కసారిగా ఆగినచో ఎడతెగని మూర్ఛ రావచ్చును. పండుగ సెలవులలో అంగడి మూసియున్నదను కారణము మెదడునకు తెలియదు. మూర్ఛ వచ్చినపుడు బిడ్డను ఒకప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. చేతిలో తాళపుచెవులు పెట్టుటవలన ప్రయోజనము లేదు. ఎంతసేపు వచ్చినదో గడియారము చూచి వ్రాయవలెను. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి కొనిపోవలెను.

పాఠముల పుస్తకము

ఒక నోటుపుస్తకము, దారముతో కట్టిన ఒక పెన్సిలు బుట్టలప్రక్కన ఉండవలెను. ప్రతిదినము నాలుగు పంక్తులు చాలును. తేది, పని పేరు, బిడ్డ ఎట్లు చేసినాడు అనునది. ఎట్లు అనుటకు నాలుగు గుర్తులు పెట్టుకొనవచ్చును: తానుగా చేసిన "తా", మాట చెప్పిన చేసినచో "మా", సైగ చూపిన చేసినచో "సై", చేయిపట్టి చేయింపవలసివచ్చినచో "చే". వరుసగా మూడు దినములు "తా" పడినచో ఆ బుట్టను మార్చవచ్చును. రెండు వారములు "చే" యే పడుచున్నచో తప్పు బిడ్డది కాదు, పని పెద్దది. దానిని ముక్కలు చేసి చిన్న ముక్కను బుట్టలో పెట్టవలెను. ఈ పుస్తకము చూచినగాని, "చేయి పట్టుట" నుండి "సైగ"కు వచ్చిన చిన్న మార్పు తల్లి కంటికే కానరాదు. ఆరునెలల అలసటలో అది కానవచ్చుట యెంతయు అవసరము.

తల్లి మంచము పట్టిన దినమున

ఇంతవరకు చెప్పిన అమరికకు అసలు పరీక్ష, తల్లికి జ్వరము వచ్చిన దినమున జరుగును. ఏ డబ్బా ఎక్కడనో, ఏ పనికి ఏ మాట చెప్పవలెనో తల్లి ఒక్కతెకే తెలిసిన యింటిలో, ఆమె మంచము పట్టినచో బిడ్డ చదువును మంచము పట్టును. పురుటికో, పుట్టింటి చావునకో ఆమె వారము దినములు పోయినచో, బిడ్డ నేర్చిన అలవాట్లు సడలి మరల మొదటికి వచ్చుటయు కలదు. ఆ భయముచేతనే ఏండ్ల తరబడి ఊరు కదలని తల్లులు ఎందరో కలరు. ఇది త్యాగమని ఊరివారు మెచ్చుకొందురు. కాని ఇంటిలోని తక్కినవారు పంచుకొనవలసిన భారమది.

కావున మొదటి బుట్ట మూతలోపల ఒక కాగితము అతికింపవలెను. అందు పాఠము వేళ, మూడు పనుల వరుస, ఒక్కొక్క పనికి చెప్పు మాట, బిడ్డకు నచ్చని స్పర్శలును శబ్దములును, పాఠము పిమ్మట ఇచ్చునది వ్రాసి ఉంచవలెను. మాట అన్నిచోట్ల ఒకటే కావలెను. తల్లి "పెట్టు" అనియు, నాయనమ్మ "ఉంచు" అనియు, అన్న "వేయి" అనియు అన్నచో, మాటలు కొద్దిగా తెలిసిన బిడ్డకు అవి మూడు వేర్వేరు ఆజ్ఞలు. నాయనమ్మకు చదువు రానిచో బుట్టలే చెప్పును. ఎడమనుండి కుడికి మూడు బుట్టలు నడిపించుటకు అక్షరజ్ఞానము అక్కరలేదు. వారమునకు ఒకపూట తల్లి ఆరోగ్యముగా ఉన్నపుడే తండ్రియో మరియొకరో పాఠము నడపవలెను. ఆ పూట తల్లి ప్రక్కన కూర్చుండి దిద్దరాదు. పొరుగింటికి పోవుట మంచిది.

తోబుట్టువును సాయమునకు పిలువవచ్చును, ఉపాధ్యాయునిగా నియమింపరాదు. అన్నకును చెల్లికిని తమ పుస్తకములకు తమ గూడు ఉండవలెను. తమ్ముడు చింపివేసిన లెక్కల పుస్తకమును గురించి ఏడ్చుచున్న పిల్లను "వాడు తెలియనివాడు, ఊరుకో" అని ఓదార్చుటకంటె, వాని చేతికందని ఎత్తున ఆమె కొక అర కొట్టించుట న్యాయము.

కాగితములు

ఒక గట్టి ఫైలులో బిడ్డ కాగితములన్నియు వరుసగా ఉండవలెను: జనన ధ్రువపత్రము, టీకాల కార్డు, ఆధార్, దివ్యాంగుల గుర్తింపు కార్డు, వైకల్య పరీక్షల నివేదికలు, మూర్ఛల తేదీలు, మందుల పేర్లును మోతాదులును వ్రాసిన కాగితము. క్రొత్తది పైన ఉండవలెను. అసలు ప్రతులు ఇంట నుంచి నకళ్లను వెంట కొనిపోవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు బిడ్డలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. బడికి గాని అంగన్వాడికి గాని పోని బిడ్డ ఆ పరీక్షకులకు కానరాడు. కావున ఇంటనున్న బిడ్డ తల్లిదండ్రులు పరీక్షకుల బృందము ఊరికి వచ్చు దినమును ఆశా కార్యకర్త నడిగి తెలిసికొని, ఫైలుతో సహా బిడ్డను కొనిపోవలెను. పాఠముల పుస్తకమును కూడ కొనిపోవుట మరువరాదు. పది నిమిషములు మాత్రమే బిడ్డను చూడగల వైద్యునికి ఆరునెలల "తా, మా, సై, చే" లు ఎంతో చెప్పును.

ఏడాదికొకసారి, బడులు తెరచు వేళకు అటకమీది సామగ్రినంతయు దింపి ఎండబెట్టవలెను. చెదలు పట్టిన అట్టలు, విరిగిన క్లిప్పులు, పగిలిన డబ్బాలు పారవేయవలెను. బిడ్డ దాటిపోయిన వస్తువులను సబ్బునీట కడిగి ఆరబెట్టి, భవిత కేంద్రమునకో, అంగన్వాడికో, అట్టి బిడ్డ గల మరియొక యింటికో ఇయ్యవచ్చును. ఇచ్చునపుడు దానితో ఏ పని, ఏ వరుసలో చేయించితిరో ఒక చీటీమీద వ్రాసి డబ్బాలో వేయుడు.